చర్చ: సెకనుకు పెటాబిట్ సరే, ఎంత దూరానికి?

భీమిలి_గాలి | మంగళవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. నేను విశాఖలోనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల కళాశాలలో ఇవ్వవలసిన సెమినారుకు ఆప్టికల్ ఫైబర్‌లో ఇటీవల సాధించిన రికార్డులను అంశంగా తీసుకున్నాను. జపాన్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్ఐసీటీ వెలువరించిన ఫలితాలను వేగం ప్రకారం పేర్చితే ఈ వరుస వచ్చింది: 2023లో 38 కోర్ల (కోరు అంటే ఫైబర్ లోపల కాంతి నడిచే దారి) ఫైబర్‌లో సెకనుకు 22.9 పెటాబిట్లు (ఒక పెటాబిట్ అంటే వెయ్యి టెరాబిట్లు), అదే ఏడాది 19 కోర్ల ఫైబర్‌లో 1.7 పెటాబిట్లు, 2025లో మళ్లీ 19 కోర్లతోనే 1.02 పెటాబిట్లు, 2024లో మామూలు ఒంటి కోరు ఫైబర్‌లో 402 టెరాబిట్లు, 2021లో 4 కోర్ల ఫైబర్‌లో 319 టెరాబిట్లు.

నాకు చిక్కు పడింది ఇక్కడే. 2023లో 1.7 పెటాబిట్లు పంపినవారు, రెండేళ్ల తరువాత అన్నే కోర్లున్న ఫైబర్‌లో 1.02 పెటాబిట్లు పంపి దాన్ని కొత్త రికార్డుగా ఎందుకు ప్రకటించారు? వేగం తగ్గితే అది ముందడుగు ఎలా అవుతుంది? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మద్దిలపాలెం_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:25

మీ పట్టికలో ఒక గడి లేదు. అది దూరం. ఆ గడి నింపితే మీ వరుస మొత్తం తారుమారవుతుంది.

22.9 పెటాబిట్లు పంపింది 13 కిలోమీటర్లు. విశాఖ నుంచి బయలుదేరితే అనకాపల్లి చేరకముందే ఆ దూరం అయిపోతుంది. 2023 నాటి 1.7 పెటాబిట్లు 63.5 కిలోమీటర్లు వెళ్లాయి. 402 టెరాబిట్లు 50 కిలోమీటర్లు, 319 టెరాబిట్లు 3,001 కిలోమీటర్లు వెళ్లాయి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన 1.02 పెటాబిట్లు వెళ్లిన దూరం 1,808 కిలోమీటర్లు. ఇప్పుడు వేగాన్నీ దూరాన్నీ గుణించి చూడండి. మొదటిది దాదాపు 298 పెటాబిట్-కిలోమీటర్లు, రెండవది 108, 402 టెరాబిట్ల ప్రయోగం 20, 319 టెరాబిట్ల ప్రయోగం 957, చివరిది 1,840కి పైన. మీరు తగ్గుదల అనుకున్నది రెండేళ్లలో పదిహేడు రెట్ల పెరుగుదల.

దూరం ఎందుకంత కష్టమో చెప్పకుండా ఈ గుణకారం మాత్రమే చెబితే మీ సెమినారులో వినేవారికి నమ్మకం కుదరదు. 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ కలిసి రాసిన పత్రంలో, గాజులోని మలినాలను తొలగించి నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెళ్లకు దించగలిగితే టెలిఫోన్ సంభాషణలను కాంతి మీద పంపవచ్చని వాదించారు. 20 డెసిబెళ్లంటే ఒక కిలోమీటరు దాటేసరికి వందలో ఒక వంతు కాంతి మిగలడం. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ 17 డెసిబెళ్ల ఫైబర్ తీశారు. 1979 నాటికి జపాన్‌లో ఎన్‌టీటీ పరిశోధకులు 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర 0.2 డెసిబెళ్లకు దించారు. పదమూడేళ్లలో కిలోమీటరుకు 20 నుంచి 0.2కు రావడం మన కాలపు పదార్థ విజ్ఞానంలో నేను అన్నిటికంటే గౌరవించే ఘట్టం. కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

అయినా 0.2 చిన్న సంఖ్య అని మోసపోకూడదు. విశాఖ నుంచి విజయవాడకు రోడ్డు వెంట సుమారు 350 కిలోమీటర్లు. 0.2 చొప్పున 70 డెసిబెళ్లు పోతాయి, అంటే ఇక్కడ పంపిన కాంతిలో కోటిలో ఒక వంతు అక్కడ చేరుతుంది. అందుకే దారిలో యాంప్లిఫయర్లు కావాలి. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం ఎర్బియం కలిపిన ఫైబర్‌తో కాంతిని కాంతిగానే పెంచి చూపించింది. అప్పటిదాకా సముద్రం కింద ప్రతి రిపీటరూ కాంతిని విద్యుత్తుగా మార్చి, సంకేతాన్ని సరిచేసి, మళ్లీ కాంతిగా మార్చేది. ఎర్బియం వచ్చాక పదుల తరంగదైర్ఘ్యాలను ఒకే యాంప్లిఫయర్‌లో కలిపి పెంచడం సాధ్యమైంది. అయితే ప్రతి యాంప్లిఫయరూ సంకేతంతో పాటు తన సొంత నాయిస్‌ను కూడా కలుపుతుంది. ఇరవయ్యొకటవ యాంప్లిఫయర్ దాటేసరికి ఆ నాయిస్ ఎంత పేరుకుంటుందో, దాని మధ్య నుంచి బిట్లను ఏరుకోవడం ఎంత కష్టమో ఊహించండి. 63 కిలోమీటర్ల ప్రయోగంలో ఈ పరీక్ష లేదు.

కంచరపాలెం_కోడ్ | మంగళవారం, రాత్రి 10:40

మాస్టారు ఇరవయ్యొకటవ యాంప్లిఫయర్ అన్నారు కాబట్టి ఆ సంఖ్య ఎక్కడిదో చెప్పడం అవసరం. అక్కడ 1,808 కిలోమీటర్ల తిన్నని కేబుల్ ఏదీ లేదు. 86.1 కిలోమీటర్ల ఫైబర్‌ను చుట్టగా పెట్టి, అదే కాంతిని అందులో 21 సార్లు తిప్పారు. ఇది పరిశోధనలో అందరూ ఒప్పుకునే పద్ధతే, తప్పేమీ కాదు. కానీ సెమినారులో ‘1,808 కిలోమీటర్ల కేబుల్ వేశారు’ అని మాత్రం అనకండి.

నా ఉద్యోగం సంకేత సంస్కరణ సాఫ్ట్‌వేర్ రాయడం. ఆ 19 కోర్ల ఫైబర్ నాకు ఆసక్తికరంగా తోచే కారణం ఆ వైపు నుంచే వస్తుంది. సాధారణంగా ఒకే గాజులో ఎక్కువ కోర్లు పెడితే ఒకదాని కాంతి మరొకదానిలోకి చొరబడకుండా దూరదూరంగా పెట్టాలి, అప్పుడు ఫైబర్ లావవుతుంది. 22.9 పెటాబిట్ల ఫైబర్ మామూలుదానికంటే బాగా లావు. ఈ 19 కోర్ల ఫైబర్ మటుకు మన వీధుల్లో ఉన్న ఫైబర్ లాగానే 0.125 మిల్లీమీటర్ల వ్యాసంలో ఉంది. దాని రూపకర్తలు కోర్లను దగ్గరగా పెట్టి, కాంతి కలిసిపోతే కలిసిపోనిమ్మన్నారు. 19 కోర్లు, ఒక్కొక్క దానిలో 2 ధ్రువణాలు (కాంతి తరంగం కంపించే దిశలు), మొత్తం 38 ప్రవాహాలు దారి పొడవునా ఒకదానిలో ఒకటి కలుస్తూ వెళ్తాయి. చివర రిసీవరు 38 కలగలుపులను ఒకేసారి అందుకొని, ఏ కొలతలో ఏ ప్రవాహం పాలు ఎంతో లెక్కగట్టి విడదీయాలి. 38ని 38తో గుణిస్తే 1,444 ఫిల్టర్లు, అవి క్షణక్షణానికీ తమను తాము సవరించుకుంటూ ఉండాలి.

ఇలా కలిసిపోవడంలో ఒక మేలు కూడా ఉంది. కోర్ల మధ్య వేగాల్లో స్వల్ప తేడా ఉంటుంది. కాంతి ఒకే కోరులో ఉండిపోతే ఆ తేడా దూరంతో పాటు నేరుగా పెరుగుతుంది. కాంతి కోర్లు మారుతూ వెళ్తే ప్రతి ప్రవాహమూ కొంత దూరం వేగమైన దారిలో, కొంత దూరం నెమ్మదైన దారిలో నడుస్తుంది కాబట్టి తేడా దూరానికి వర్గమూలం చొప్పున మాత్రమే పెరుగుతుంది. దూరం నాలుగు రెట్లయితే తేడా రెండు రెట్లే. సుదూర ప్రసారానికి ఈ ఫైబర్ సరిపడడానికి ఇదే మూలం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇలాంటి ప్రయోగాల్లో సాధారణంగా సంకేతాన్ని కొంతసేపు రికార్డు చేసుకొని, ఆ తరువాత తీరికగా కంప్యూటరులో విడదీస్తారు. అంత లెక్కను అదే క్షణంలో చేసే చిప్‌ను భరించగల విద్యుత్ ఖర్చుతో తయారు చేయడం మరొక పెద్ద పని. ఇప్పుడు వాడుకలో ఉన్న కోహెరెంట్ రిసీవర్లు (కాంతి తీవ్రతతో పాటు దశను కూడా కొలిచేవి) రెండు ధ్రువణాలను విడదీస్తున్నాయి. రెండు నుంచి ముప్పై ఎనిమిదికి చేరడం ఒక్క అడుగులో జరగదు.

గాజువాక_స్ప్లైసర్ | బుధవారం, ఉదయం 6:15

అందరికీ నమస్కారమండి. నేను పదహారేళ్లుగా ఫైబర్ అతికే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన డెసిబెళ్లు నాకు పుస్తకంలో కాకుండా ఓటీడీఆర్ తెర మీద పరిచయం. ఫైబర్ పొడవునా ఎక్కడ ఎంత కాంతి పోతుందో గీతగా చూపే పరికరం అది. ఒక మాట నా వైపు నుంచి చేర్చాలనిపించింది.

ఫైబర్ డ్రమ్ముల్లో వస్తుంది. ఒక డ్రమ్ము అయిపోయిన చోట మరొక డ్రమ్మును అతకాలి. ముందుగా అతుకును కాపాడే స్లీవును తొడుగుతాం. అది మరిచిపోతే అతికినదాన్ని మళ్లీ కోయక తప్పదు. ఆపైన స్ట్రిప్పరుతో 250 మైక్రాన్ల పూతను లాగితే 125 మైక్రాన్ల గాజు బయటపడుతుంది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన కాగితంతో తుడుస్తాం. తుడిచేటప్పుడు సన్నగా కీచుమంటేనే గాజు శుభ్రపడినట్టు. క్లీవరుతో కోస్తే ముఖం నున్నగా, వాలు లేకుండా తెగాలి. తరువాత రెండు కొనలనూ యంత్రంలో ఎదురెదురుగా పెడతాం. తెర మీద అవి రెండు తెల్లటి కడ్డీల్లా కనబడి, యంత్రం వాటిని సరిచూసుకొని, ఆర్క్ వెలిగి ఆరిపోతుంది. అతుకు నష్టం 0.02 డెసిబెళ్లని వస్తే ఆ ఫైబర్‌ను ట్రేలో చుట్టేసి తరువాతి రంగు ఫైబర్ అందుకుంటాం.

ఒకసారి గాలివాన తరువాత, పేరు చెప్పడం అనవసరమైన ఒక సంస్థ లైను తెగితే, రాత్రి రెండింటికి రోడ్డు పక్కన టార్పాలిన్ కింద కూర్చుని 24 ఫైబర్లు అతికాను. ఆకుపచ్చ రంగు ఫైబర్ దగ్గర యంత్రం 0.03 అని చూపించింది. స్టేషన్ నుంచి ఓటీడీఆర్ పెట్టిన కుర్రాడు ఫోన్ చేసి, ఆ చోట గీతలో మెట్టు 0.3 ఉందని చెప్పాడు. యంత్రం చూపేది తన కెమెరాకు కనబడిన దాన్ని బట్టి వేసిన అంచనా మాత్రమే. ఫైబర్ కూర్చునే గాడిలో తడి దుమ్ము ఉందేమోనని గాడి శుభ్రం చేసి మళ్లీ అతికితే 0.04కు వచ్చింది. ఆ రాత్రి 0.3ను అలాగే వదిలేసి ఉంటే ఎవరూ నన్ను అడిగేవారు కాదు, లైను పనిచేసేది. కానీ 0.2 చొప్పున చూస్తే ఆ ఒక్క అతుకు ఒకటిన్నర కిలోమీటర్ల గాజుకు సమానం.

నా ప్రశ్న ఇది. ఒక్క కోరు ఉన్న ఫైబర్‌కే ఇంత జాగ్రత్త కావాలి. 19 కోర్లున్న ఫైబర్‌ను తిప్పి కూర్చోబెట్టేది ఎలా?

మద్దిలపాలెం_మాస్టారు | బుధవారం, ఉదయం 7:50

మీరు అడిగిన ప్రశ్న పరిశోధకులు కూడా తప్పించుకోలేనిది. లెక్క వేసి చూద్దాం. ఫైబర్ మధ్య నుంచి 40 మైక్రాన్ల దూరంలో ఒక కోరు ఉందనుకుందాం. అతికేటప్పుడు ఫైబర్ ఒక డిగ్రీ మెలితిరిగి ఉంటే ఆ కోరు 0.7 మైక్రాన్లు పక్కకు జరుగుతుంది, దాని వల్ల సుమారు 0.08 డెసిబెళ్లు పోతాయి. రెండు డిగ్రీలైతే జరుగుడు రెట్టింపే గాని, నష్టం నాలుగు రెట్లై 0.34 దాకా వెళ్తుంది. అందుకే బహుకోరు ఫైబర్లలో కోర్ల వరుస ఎక్కడ మొదలవుతుందో తెలిసేలా ఒక గుర్తు పెడతారు. అతికే యంత్రం కొనల ముఖాలను కెమెరాతో చూసి, ఫైబర్‌ను అక్షం చుట్టూ తిప్పి గుర్తులను కలుపుతుంది.

మీ ఒకటిన్నర కిలోమీటర్ల పోలిక నాకు ఎంతో నచ్చింది. దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్తాను. 2017లో సుమిటోమో ఎలక్ట్రిక్ సంస్థ కిలోమీటరుకు 0.1419 డెసిబెళ్ల నష్టం గల గాజు ఫైబర్‌ను ప్రకటించింది. ఆ ఫైబర్ మీద మీ 0.3 అతుకు రెండు కిలోమీటర్లకు పైగా గాజును మింగినట్టవుతుంది. గాజు మెరుగయ్యేకొద్దీ చేతిపని విలువ పెరుగుతోంది. ఇది పత్రికల్లో ఎక్కడా రాయరు.

డాల్ఫిన్స్_నోస్ | బుధవారం, మధ్యాహ్నం 3:05

ఇప్పటిదాకా చర్చ గాజు చుట్టూ తిరిగింది. నేను కేబుల్ వేసే ఓడల్లో విద్యుత్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. సముద్రంలో అసలు కొరత గాజుకు కాదు, కరెంటుకు.

లోతు సముద్రంలో వేసే కేబుల్ లావు 17 నుంచి 20 మిల్లీమీటర్లు, తోటకు నీళ్లు పెట్టే గొట్టమంత. మధ్యలో వెంట్రుకల్లాంటి ఫైబర్లు, వాటి చుట్టూ ఉక్కు తీగలు, రాగి గొట్టం, ఆపైన పాలిథిలీన్. ప్రతి 60 నుంచి 100 కిలోమీటర్లకూ ఒక రిపీటరు. ఆ రిపీటర్లన్నిటికీ కరెంటు ఒడ్డు నుంచే వెళ్లాలి. సుమారు ఒక ఆంపియరు డీసీ కరెంటు, మహాసముద్రం దాటే కేబుల్‌కు 15,000 వోల్టుల వరకు. వోల్టేజి ఇంకా పెంచుదామంటే ఇన్సులేషన్ తట్టుకోవాలి, రాగి పెంచుదామంటే కేబుల్ బరువూ ఖర్చూ పెరుగుతాయి. కాబట్టి ఉన్న కరెంటుతో ఎక్కువ బిట్లు పంపడం ఎలా అన్నదే సముద్రపు ప్రశ్న.

దీనికి సమాధానం షానన్ సూత్రంలోనే ఉంది. నాయిస్ ఉన్న దారిలో గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపవచ్చో చెప్పే సూత్రం అది. సంకేతానికీ నాయిస్‌కూ నిష్పత్తి 15 అనుకోండి. ఒక హెర్ట్జ్‌కు సెకనుకు 4 బిట్లు వస్తాయి. శక్తి రెట్టింపు చేస్తే నిష్పత్తి 30 అయి, బిట్లు 4.95కు పెరుగుతాయి. రెట్టింపు కరెంటు పెట్టి ఒక్క బిట్టు కూడా పూర్తిగా రాలేదు. ఇప్పుడు పాత శక్తినే రెండు ఫైబర్లకు పంచండి. ఒక్కొక్క దానిలో నిష్పత్తి 7.5, బిట్లు 3.09, రెండూ కలిపి 6.17. నాలుగింటికి పంచితే 9కి దగ్గరగా వస్తుంది. కరెంటు ఒక్క వాట్ కూడా పెరగలేదు.

కేబుళ్ల చరిత్ర ఈ లెక్కనే అనుసరించింది. 1988లో అట్లాంటిక్ కింద వేసిన మొదటి ఫైబర్ కేబుల్ టీఏటీ-8లో రెండు పనిచేసే ఫైబర్ జతలు (పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి) ఉండేవి. జతకు సెకనుకు 280 మెగాబిట్లు. 2017లో పూర్తయిన మరేయా కేబుల్‌లో 8 జతలు, 6,600 కిలోమీటర్ల పొడవు, రూపకల్పన సామర్థ్యం 160 టెరాబిట్లు. మొత్తం మీద 2 లక్షల 85 వేల రెట్లు. ఆ తరువాత వచ్చిన డ్యూనాంట్ కేబుల్‌లో 12 జతలు, 250 టెరాబిట్లు. జతకు లెక్కిస్తే రెండూ సుమారు 20 టెరాబిట్లే, పెరిగింది జతల సంఖ్య. 2025 ఫిబ్రవరిలో మెటా ప్రకటించిన వాటర్‌వర్త్ కేబుల్‌లో 24 జతలు, 50,000 కిలోమీటర్లకు పైగా పొడవు, మన దేశాన్ని కూడా కలుపుతుంది. జతలు పెంచుకుంటూ పోతే ఆ సన్నటి కేబుల్‌లో చోటు అయిపోతుంది. అప్పుడు ఒకే ఫైబర్‌లో రెండు కోర్లు పెట్టవలసి వస్తుంది. తైవాన్, ఫిలిప్పీన్స్, అమెరికాలను కలిపే కేబుల్‌లో రెండు కోర్ల ఫైబర్ వాడుతున్నట్టు గూగుల్, ఎన్ఈసీ సంస్థలు 2023లో ప్రకటించాయి. ప్రయోగశాలలో 19 కోర్లు తిరుగుతుంటే సముద్రంలోకి ముందుగా రెండే దిగుతున్నాయంటే, జాగ్రత్త ఎంత ఉండాలో మీరే చూడండి. సముద్రపు అడుగున పెట్టినదాన్ని పాతికేళ్లు ముట్టుకోకూడదన్న లెక్కతో పెడతారు.

ఇంకొక సంగతి. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 చోట్ల సముద్రపు కేబుళ్లు దెబ్బతింటాయి, ఎక్కువ భాగం చేపల వలల వల్ల, లంగర్ల వల్ల. మన ఫిషింగ్ హార్బరు నుంచి వెళ్లే మరపడవలు అడుగు వల లాగే లోతుల్లో కేబుల్‌ను ఇసుకలో పాతి, ఉక్కు కవచం తొడగవలసిందే. తెగితే ఓడ వెళ్లి, కొక్కెంతో రెండు కొనలూ పైకి లాగి, మధ్యలో కొత్త ముక్క వేసి అతకాలి. 24 జతలంటే ఒక్కొక్క అతుకు పెట్టెలో 48 ఫైబర్లు, రెండు పెట్టెలు, ఊగుతున్న ఓడలో. గాజువాక సోదరుడు అడిగిన ప్రశ్నకు బరువు అక్కడ తెలుస్తుంది.

రుషికొండ_సర్వర్ | బుధవారం, రాత్రి 8:30

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని, అందులో భాగంగా అంతర్జాతీయ సముద్రపు కేబుళ్లకు ముఖద్వారం కూడా వస్తుందని ప్రకటించింది. ఇప్పటిదాకా తూర్పు తీరంలో సముద్రపు కేబుల్ అంటే ప్రధానంగా చెన్నై పేరే వినబడేది. కాబట్టి ఈ రికార్డుల్లో ఏది మన ఊరికి ముందుగా చేరుతుందన్నది నాకు చాలా దగ్గరి ప్రశ్న.

నా పందెం బోలు ఫైబర్ మీద. మధ్యలో బోలుగా ఉండి, కాంతి గాలిలోనే ప్రయాణించే ఫైబర్ అది. సౌతాంప్టన్‌లో మొదలై, 2022లో మైక్రోసాఫ్ట్ కొన్న లుమెనిసిటీ సంస్థ ద్వారా ముందుకు వెళ్లిన ఆ పరిశోధన, 2025లో కిలోమీటరుకు 0.091 డెసిబెళ్లకు చేరింది. అరవై ఏళ్లుగా గాజు దాటలేకపోయిన గీతను గాలి దాటింది. 100 కిలోమీటర్లకు 0.2 ఫైబర్‌లో నూటికి ఒక వంతు కాంతి మిగిలితే, ఇందులో 12 వంతులు మిగులుతాయి. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, బోలు ఫైబర్‌లో దాదాపు 3 లక్షలు. 3,000 కిలోమీటర్ల దారిలో 15 మిల్లీసెకన్లు 10కి తగ్గుతాయి. వేర్వేరు చోట్లున్న సర్వర్లు ఒకే లెక్కను పంచుకొని చేసేటప్పుడు ఆ 5 మిల్లీసెకన్లు ఎంతో విలువైనవి.

మద్దిలపాలెం_మాస్టారు | బుధవారం, రాత్రి 9:40

బోలు ఫైబర్ గొప్పదనం నేను ఒప్పుకుంటాను, మీరు చెప్పని మరో కారణానికి కూడా. గాజులో శక్తి పెంచితే గాజే అడ్డం తిరుగుతుంది. అన్ని తరంగదైర్ఘ్యాలూ కలిపి 100 మిల్లీవాట్లు పంపామనుకోండి. అది పోయేది సుమారు 80 చదరపు మైక్రాన్ల సందులో. అంటే చైత్రంలో బీచ్ రోడ్డు మీద పడే మిట్టమధ్యాహ్నపు ఎండ కంటే పది లక్షల రెట్లకు పైగా తీవ్రత. అంత తీవ్రతకు గాజు వక్రీభవన గుణకం స్వల్పంగా మారుతుంది. 1875లో జాన్ కెర్ కనిపెట్టిన ప్రభావం ఇది. ఒక తరంగదైర్ఘ్యం తీవ్రత పక్క తరంగదైర్ఘ్యపు దశను చెదరగొడుతుంది. అందువల్ల గాజు ఫైబర్‌లో శక్తి తక్కువైతే నాయిస్ ముంచుతుంది, ఎక్కువైతే కెర్ ప్రభావం ముంచుతుంది, మధ్యలో ఒక శిఖరం ఉంటుంది. గాలిలో ఈ ప్రభావం వేల రెట్లు చిన్నది. కాబట్టి ఆ శిఖరం బోలు ఫైబర్‌లో ఎంతో పైకి జరుగుతుంది.

అయితే సముద్రానికి ఇది ముందుగా వస్తుందని మాత్రం నేను అనుకోను. డాల్ఫిన్స్ నోస్ గారు చెప్పిన లెక్క ప్రకారం సముద్రంలో శక్తి పెంచడానికి ఒడ్డు నుంచి పంపగల కరెంటే చాలదు. ఎక్కువ శక్తిని తట్టుకోవడం ఈ ఫైబర్ ప్రధాన బలాల్లో ఒకటి, సముద్రం ఆ బలాన్ని వాడుకోలేదు. తక్కువ నష్టం వల్ల రిపీటర్లు తగ్గించవచ్చన్నది నిజమే. కానీ తెగినప్పుడు ఆ బోలులోకి నీరు చేరకుండా ఆపడం, అంత ఒత్తిడిలో పాతికేళ్లు నిలపడం మొదటి ప్రశ్నలవుతాయి. భూమి మీద, ఒక ఊళ్లో డేటా సెంటర్ల మధ్య వంద కిలోమీటర్ల లోపు దారులకైతే దీనికి సాటి లేదు.

రుషికొండ_సర్వర్ | బుధవారం, రాత్రి 10:05

ఒప్పుకుంటాను మాస్టారు, సముద్రం విషయంలో నా పందెం తొందరపాటే. కానీ భూమి మీద విశాఖ నుంచి హైదరాబాదుకో చెన్నైకో కొత్త ఫైబర్ వేయడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పటికే భూమిలో ఉన్న ఒంటి కోరు ఫైబర్‌లోనే 402 టెరాబిట్లు పంపగలిగారు కదా. మీ గుణకారంలో దానికి 20 మార్కులే వచ్చాయి. అది అన్యాయం కాదా?

కంచరపాలెం_కోడ్ | బుధవారం, రాత్రి 11:20

దీనిలో కొంత న్యాయం ఉంది. ఆ ప్రయోగం గొప్పదనం దూరంలో కాక వెడల్పులో ఉంది. ఈనాటి దూరపు లైన్లు ఎర్బియం బాగా పెంచగల 1530 నుంచి 1565 నానోమీటర్ల పట్టీని, కొన్ని చోట్ల దాని పక్క పట్టీని వాడతాయి. 2024 ప్రయోగంలో ఇంగ్లీషు ‘O’ అక్షరంతో పిలిచే తరంగదైర్ఘ్యాల పట్టీ నుంచి ‘U’ పట్టీ దాకా మొత్తం 37.6 టెరాహెర్ట్జ్‌ల వెడల్పు వాడారు, ఒక్కొక్క పట్టీకీ వేరు రకం యాంప్లిఫయరు పెట్టి.

దాన్ని దూరానికి సాగదీస్తే రెండు చిక్కులు వస్తాయి. 1310 నానోమీటర్ల ప్రాంతంలో నష్టం కిలోమీటరుకు 0.33 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది, 100 కిలోమీటర్లకు 33. గాజులో కాంతి చెదిరిపోవడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి ఇది తప్పించుకోలేని నష్టం. రెండవది, రామన్ ప్రభావం వల్ల పొట్టి తరంగదైర్ఘ్యాల శక్తి పొడవాటి తరంగదైర్ఘ్యాలకు దారి పొడవునా కారిపోతుంది, దాన్ని ముందే లెక్కగట్టి పొట్టివాటికి ఎక్కువ శక్తి ఇచ్చి పంపాలి. 50 కిలోమీటర్ల నగర దారికి ఇవన్నీ భరించవచ్చు. విజయవాడ దాకా వెళ్లే లైనుకు నేనైతే రెండు, మూడు పట్టీల దగ్గరే ఆగుతాను.

భీమిలి_గాలి | గురువారం, సాయంత్రం 5:45

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సెమినారు మొత్తం తిరగరాశాను. మొదటి పట్టికలో వేగంతో పాటు దూరం, ఫైబర్ వ్యాసం, ఎన్ని చుట్లు తిప్పారన్నది చేర్చాను. రెండవ భాగంలో షానన్ లెక్కను నాలుగు ఫైబర్ల దాకా స్వయంగా వేసి చూశాను. 2.25 బిట్ల చొప్పున నాలుగింటికి 8.99 వచ్చింది. మూడవ భాగంలో విశాఖ–విజయవాడ దారిని ఉదాహరణగా తీసుకొని, 350 కిలోమీటర్లకు 4 కిలోమీటర్ల డ్రమ్ముల చొప్పున 87 అతుకులు, అతుకుకు 0.05 వేసి, మొత్తం 4.35 డెసిబెళ్లు కలిపాను. అంటే దారిలో మరో 22 కిలోమీటర్ల గాజు కలిసినట్టు. ఈ సంఖ్యను ఏ వ్యాసంలోనూ చూడలేదు, గాజువాక అన్నయ్య చెప్పకపోతే వేసేవాడిని కాదు. అతుకుకు 0.05 అనుకోవడం సరైనదేనా?

గాజువాక_స్ప్లైసర్ | గురువారం, రాత్రి 9:10

తమ్ముడూ, కొత్త లైనుకైతే 0.05 సరిపోతుంది. పాత లైనుకు అతుకుల సంఖ్యే తక్కువ వేశావు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ, ఎవరో తవ్వి తెంచిన ప్రతిసారీ రెండు కొత్త అతుకులు పడతాయి. పదేళ్లు దాటిన దారిలో 87కు ఒకటిన్నర రెట్లయినా పెట్టుకో.

కొలత చూపించదలిస్తే ఇంకొక జాగ్రత్త. ఓటీడీఆర్‌ను ఒక వైపు నుంచి మాత్రమే పెట్టి చూడవద్దు. రెండు డ్రమ్ముల గాజు కొద్దిగా తేడాగా ఉంటే, ఒక వైపు నుంచి అతుకు దగ్గర గీత కిందికి దిగడానికి బదులు పైకి లేస్తుంది, అతుకు కాంతిని పెంచినట్టు కనబడుతుంది. అది నిజం కాదు. అటు నుంచి కూడా కొలిచి రెండింటి సగటు తీసుకోవాలి. 350 కిలోమీటర్లూ ఒకే గీతలో రాదు, స్టేషన్ నుంచి స్టేషన్‌కు విడివిడిగా కొలవాలి. అలా రెండు వైపుల నుంచీ తీసిన ఒక పాత గీతల జత నా దగ్గర ఉంది. ఆదివారం ఇక్కడ పెడతాను. అందులో 61వ కిలోమీటరు దగ్గర చూడు, ఇటు నుంచి 0.12 పైకి లేచి, అటు నుంచి 0.20 కిందికి దిగిన అతుకు ఒకటి ఉంది. దాని అసలు నష్టం 0.04.